అడుగెత్తు అక్షరాలు

మేం ఏం తింటామన్నదాన్ని బట్టి మేం ఎవరమో తేల్చేస్తారు. ఇది మాకు కొత్త కాదు. బడిలో అన్నం గిన్నె మూత తీసినప్పుడు తేల్చారు. అద్దె ఇల్లు అడగబోతే గుమ్మంలోనే తేల్చారు. సముద్రాలు దాటి చికాగో పోతే అక్కడి అపార్ట్‌మెంటు వంటింట్లోనూ తేల్చారు. అందుకే 1998 జూలై 3న, శుక్రవారం, చికాగో గ్రాంట్ పార్కులో జరిగిన తిండి పండగలో గడిపిన ఒక్క రోజు గురించి రాయాలనుకున్నాం. నిజానికి ఆ రోజు పెద్దగా ఏమీ జరగలేదు. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. తిన్నాం, తిరిగాం, బాణాసంచా చూశాం, రైలెక్కి ఇంటికొచ్చాం. అయినా ఆ రోజు ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ముందు 'మేం' ఎవరమో చెప్పాలి. ఒకే గదిలో ముగ్గురం. అనంతపురం జిల్లా దూదేకుల ఇంటినుంచి ఒకరం. హైదరాబాదు పాతబస్తీనుంచి ఒకరు. గుంటూరు జిల్లాలో మాలపల్లెనుంచి, ఆదివారం చర్చికి పోయే ఇంటినుంచి ఒకరు. రాస్తున్నది దూదేకుల చెయ్యి. కాబట్టి ఈ రాతలో 'మేం' అంటే ఒకచోట ముగ్గురం, ఒకచోట మా దూదేకుల ఇల్లు, ఒకచోట ముస్లిములం. ఏది ఎక్కడో పాఠకులే పోల్చుకోగలరు. మాకే ఒక్కోసారి తెలీదు.

1997 ఆగస్టులో మేం చదువుకి వచ్చినప్పుడు ఆ ఇంట్లో అయిదుగురం ఉండేవాళ్ళం. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్ళే, మంచివాళ్ళే. మాకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చిచ్చినవాళ్ళు. వచ్చిన నెలకే ఫ్రిజ్‌లో పై అర వాళ్ళది, కింది అర మాది అయింది. రెండో నెలకి గిన్నెలు వేరయ్యాయి. సెమిస్టరు అయిపోగానే వాళ్ళిద్దరూ ఇల్లు మారారు. "ఏమీ అనుకోకండి బాబూ, వాసన పడటం లేదు" అన్నారు. ఆ రోజు మా పొయ్యిమీద ఉడుకుతున్నది మేకమాంసం. వాళ్ళు హోటల్లో తినే మాంసమే. వాసన గిన్నెలోంచి రావడం లేదని మా గుంటూరు మిత్రుడు అప్పుడే అన్నాడు. మాకు ఆలస్యంగా అర్థమయింది.

ఇల్లు డెవాన్ అవెన్యూకి దగ్గర. చికాగో ఎరిగినవాళ్ళకి ఆ వీధి గురించి చెప్పనక్కర్లేదు. చీరల కొట్లు, హలాల్ మాంసం కొట్లు, పప్పులూ మసాలాలూ దొరికే కొట్లు. ఆ వీధిలో ఒక ముక్కకి గాంధీ మార్గ్ అని పేరు పెట్టారు, ఇంకో ముక్కకి మహమ్మద్ అలీ జిన్నా వే అని పెట్టారు. రెండు బోర్డులూ ఒకే వీధిలో. ఆ ఏడాది మే 11న, 13న మనవాళ్ళు పోఖ్రాన్‌లో బాంబులు పేల్చారు. మే 28న పాకిస్తాన్ పేల్చింది. గాంధీ మార్గ్‌లోనూ మిఠాయిలు పంచారు, జిన్నా వేలోనూ మిఠాయిలు పంచారు. మాకు రెండుచోట్లా ఇవ్వబోయారు. ఏ చేతికి చెయ్యి చాచినా ఇంకో చెయ్యి చూస్తోందన్న భయంతో కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చేశాం.

ఆ శుక్రవారం సంగతి. మర్నాడు అమెరికా స్వాతంత్ర్య దినం. చికాగోలో ఆ రోజుల్లో జూలై 3 రాత్రే బాణాసంచా కాల్చేవారు. 'టేస్ట్ ఆఫ్ చికాగో' అని గ్రాంట్ పార్కులో పదిరోజుల తిండి పండగ. 1980లో మిషిగన్ అవెన్యూ మీద ఒక్కరోజు పండగగా మొదలై, మరుసటి ఏడాదినుంచి పార్కులోకి వచ్చింది. తర్వాత సెప్టెంబరుకి జరిపారు గానీ అప్పట్లో అది నడివేసవి పండగే. లోపలికి పోవడానికి డబ్బులేదు. తినాలంటే మాత్రం టికెట్ల పట్టీ కొనాలి. మాది చేతికీ నోటికీ చాలని బతుకు. మిషిగన్ సరస్సు పక్కన తిరిగొద్దాం, తలా ఒక పట్టీ చాలు అని బయల్దేరాం.

పొద్దున ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో ఫ్రాన్స్ పెనాల్టీలతో ఇటలీని ఓడించింది. మా హైదరాబాదు మిత్రుడు ఫుట్‌బాల్ ఎరగడు, అయినా జిదాన్ మొదటి పెనాల్టీ కొట్టగానే ఎగిరి గంతేశాడు. అల్జీరియానుంచి వచ్చిన కూలివాళ్ళ కొడుకు జిదాన్. "ఫ్రాన్స్‌లో ముసల్మాను గోల్ కొడితే అతను ఫ్రెంచివాడు, కొట్టకపోతే అరబ్బు" అన్నాడు మా గుంటూరు మిత్రుడు. అజహరుద్దీన్ క్యాచ్ వదిలేసినప్పుడు మా ఊరి కాఫీ హోటల్లో వినిపించే మాటలు గుర్తొచ్చాయి. ఏమీ అనలేదు.

జుమా నమాజు లూప్‌లో ఒక ఆఫీసు భవనం పై అంతస్తులో. లిఫ్టులో టైలు కట్టుకున్నవాళ్ళు, టాక్సీలు నడిపేవాళ్ళు, విద్యార్థులు. మా గుంటూరు మిత్రుడు కింద మెట్లమీద కూర్చుని పేపరు చదువుకున్నాడు. నమాజయి దిగొచ్చేసరికి అతని పక్కన ఒక నల్లజాతి పెద్దాయన, మెడకి బో టై కట్టుకుని, అట్టపెట్టెల్లో బీన్ పై అమ్ముతున్నాడు. చిక్కుడు గింజలు ఉడికించి మెత్తగా నూరి, పంచదార కలిపి చేసే పిండివంట. అక్కడి నల్లజాతి ముస్లిములు తమదని చెప్పుకునే తీపి. ఆయన మాకు సలాము చెప్పి, "ఇల్లు ఎక్కడ తమ్ముళ్ళూ?" అన్నాడు. ఇండియా అన్నాం. "మీ ఇంట్లో శుక్రవారం ఏం వండుతారు?" అన్నాడు. అంతే. షేకులా, సయ్యదులా అని అడగలేదు. ఉర్దూ వచ్చా అని అడగలేదు. ఇండియావాళ్ళయితే ముస్లిములెలా అయ్యారని అడగలేదు. మా గుంటూరు మిత్రుడు ముస్లిము కాడని తెలిసినా ఒక ముక్క కోసి ముందు అతనికే పెట్టాడు.

ఉర్దూ మాట వచ్చింది కాబట్టి చెబుతాం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా తాతలు దూది ఏకినవాళ్ళు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాళ్ళు. కాగితాల్లో మేం బీసీ-బి. మా జేజి పేరు మస్తానమ్మ. ఖురాను అరబ్బీలో వినడమే గానీ చదవడం ఆమెకి రాదు. పీర్లచావిడి ముందు మాత్రం గంటలకొద్దీ తెలుగులో ఏడవగలదు. మా హైదరాబాదు మిత్రుడు, మాకోసం ప్రాణమిచ్చేవాడు, మొదటివారంలోనే అడిగాడు: "అరె భాయ్, ఘర్ మే భీ తెలుగూచ్ బోల్తే? ఫిర్ కైకే ముసల్మానాఁ?" తెలుగువాళ్ళు అడిగితే కోపమొస్తుంది. తనవాడు అడిగితే కోపం రాదు, లోపలెక్కడో తల వంగిపోతుంది. 1992 డిసెంబర్ 6 తర్వాత మా ఊళ్ళో మమ్మల్ని రాళ్ళతో చూసినవాళ్ళకి మాత్రం మా ఉర్దూ అక్కర్లేకపోయింది. అప్పుడు మేం నూటికి నూరుపాళ్ళూ ముస్లిములమే.

పార్కులో అడుగు పెట్టేసరికి మూడు దాటింది. బకింగ్‌హామ్ ఫౌంటెన్ దాకా ఎక్కడ చూసినా జనం. సగంమంది ఒంటిమీద చికాగో బుల్స్ ఎర్ర చొక్కాలు. ఆ జూన్‌లోనే వాళ్ళు ఆరోసారి ఛాంపియన్లయ్యారు. రోడ్డుకి రెండువైపులా గుడారాలు. ఒక్కో గుడారం ఒక్కో హోటలుది. పైన బోర్డు, బోర్డుమీద తిండి పేరు, పక్కన ఎన్ని టికెట్లో అంకె. పొగ, మాడిన నెయ్యి వాసన, ఏదో బ్యాండు మోత. తిరునాళ్ళే. కొబ్బరిచిప్పలూ బొరుగులూ లేవు, అంతే తేడా.

అక్కడ చూశాం. అడుగెత్తు అక్షరాలు. ఎర్ర రంగుమీద తెల్లగా. 'ఇటాలియన్ బీఫ్'.

మీకు నవ్వు రావచ్చు. అమెరికాలో బీఫ్ బోర్డు వింతా? పది నెలలుగా అక్కడే ఉన్నాం, చూడలేదా? చూశాం. హోటల్ మెనూలో చిన్న అక్షరాలు చూశాం, కొట్లో ప్లాస్టిక్ కాగితం మీద చూశాం. కానీ పండగలో, పిల్లాజెల్లా తిరిగేచోట, పోలీసులు నిలబడి చూస్తుండగా, ఆ మాట అంత ఎత్తున నిలబడటం మేం చూడలేదు. ముసలామె ఒకతె చక్రాల కుర్చీలో కూర్చుని ఆ బోర్డుకిందే తింటోంది. మూతి తుడుచుకుంటోంది. ఎవరూ ఆమెవైపు చూడటంలేదు.

మా ఊళ్ళో ఆ మాటకి అక్షరాలే లేవు. 'పెద్దకూర' అంటాం, అదీ గొంతు తగ్గించి. ఉర్దూవాళ్ళు 'బడే కా' అంటారు, మిగతాది మింగేస్తారు. 1977 చట్టం ప్రకారం ఆవుని కోయడం నేరం, మా దగ్గర తెగేది ముసలి ఎనుములే. అయినా పేరు ఆవుదే, నింద ఆవుదే. కసాయి సందు ఊరి చివర, మా వీధికీ మాదిగవాడకీ మధ్య. ఆదివారం తెల్లవారకముందే పోవాలి. అల్యూమినియం డబ్బాలో వేయించుకుని, దాని మీద తామరాకు కప్పి, ఆకు మీద కరివేపాకు, కొత్తిమీర పరుచుకుని, సంచి ఊపకుండా రావాలి. దారిలో ఎవరన్నా "ఏం తీసుకుపోతాండవు?" అంటే కొత్తిమీర అనాలి. ఆ పని మాది. ఏడో ఏటనుంచి.

ఇంకో సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాం. మా జేజి రెడ్లింటికి పోయి, బావి దగ్గర నిలబడి అనేది: "మేం దూదేకులోళ్ళం తల్లీ, తురకోళ్ళం కాదు. మేం ఆ కూర ముట్టం." ఆ మాటకి బదులుగా ఆమెకి రెండు బిందెల నీళ్ళు దొరికేవి. మాకు పెళ్ళిళ్ళలో చివరి పంక్తయినా దొరికేది. ఊరికి ఆమె చెప్పింది అబద్ధమని తెలుసు. ఆమెకి, ఊరికి తెలుసునని తెలుసు. ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, జొన్నరొట్టెలోకి అదే కూర వడ్డించి, ఎముక మూలుగ మాకు పెట్టింది కూడా ఆమే. తిన్నాక కుంకుడు రసంతో చేతులు కడిగించేది, బడిలో వాసన రాకుండా. మేం దూదేకులవాళ్ళం మిగతా ముస్లిములకన్నా కాస్త మెరుగు అనిపించుకోవడానికి పొరుగు ముస్లిముల కంచం మీదికి వేలు చూపించిన ఆ మాట ఉందే, అది కూడా మా అస్తిత్వంలో భాగమే. పీర్ల పండగ గురించి గర్వంగా రాసుకునే మేం దీన్ని వదిలేస్తే ఎలా?

మా గుంటూరు మిత్రుడికి ఈ బాధ లేదు. వాళ్ళింట్లో దాచడమంటే తెలీదు. వాళ్ళ నాయన ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రాసి, తాడుమీద ఎండేసి ఒరుగులు చేసేవాడట, వీధికి ఎదురుగానే. "మమ్మల్ని ఎలాగూ లోపలికి రానివ్వరు. ఇంక దాచి ఎవర్ని మెప్పించాలిరా?" అన్నాడు. అతను టికెట్లు చించి ఇచ్చేసి లైన్లో నిలబడ్డాడు. కొట్టు ముసలాయన ఇటలీ ఓటమితో మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "ముంచనా, పొడిగా ఇవ్వనా?" అన్నాడు. రొట్టెలో పల్చగా కోసిన మాంసం పెట్టి, మొత్తంగా దాని రసంలో ముంచి ఇస్తారు, పైన ఊరవేసిన మిరపకాయలు. డబ్బులేని ఇటలీవాళ్ళు చవకగా దొరికే గట్టి ముక్కల్ని మెత్తబడేదాకా ఉడికించి, ఎక్కువమందికి సరిపోవాలని పల్చగా కోసి పెళ్ళిళ్ళలో పంచుకునేవారట. ఆ నగరమే కబేళా మీద కట్టిన నగరం. 1865లో తెరిచిన యూనియన్ స్టాక్‌యార్డ్స్ 1971 దాకా నడిచాయి. దేశమంతటి పశువులూ అక్కడికే వచ్చేవి. లిథువేనియా, పోలండ్‌ల నుంచి వచ్చినవాళ్ళు, తర్వాత దక్షిణాది నల్లవాళ్ళు ఆ నెత్తుట్లో నిలబడి పనిచేశారు. వాళ్ళ బతుకుమీదే అప్టన్ సింక్లేర్ 1906లో 'ది జంగిల్' నవల రాశాడు. కసాయి పని చేసినవాళ్ళని అక్కడా చిన్నచూపే చూశారు. కానీ వాళ్ళ తిండి ఊరి తిండయింది, బోర్డెక్కింది. మన దగ్గర పని చేసేవాడూ అంటరానివాడే, తిండీ అంటరానిదే.

ఇంత చెప్పామని అమెరికా స్వర్గమనుకోవద్దు. హాట్‌డాగ్ కొట్టు దగ్గర ఎవడో కెచప్ అడిగితే చుట్టూ ఉన్నవాళ్ళు మొహం చిట్లించారు. చికాగోలో హాట్‌డాగ్ మీద ఆవాల ముద్దే వేసుకోవాలి, కెచప్ వేస్తే మైల. ప్రతి ఊరికీ ఒక మడి ఉంటుంది. అదే పార్కులో నల్లవాళ్ళు ఒక గుంపుగా, తెల్లవాళ్ళు ఒక గుంపుగా తిరగడమూ చూశాం. రైల్లో దక్షిణంవైపు పోయేకొద్దీ తెల్లవాళ్ళు దిగిపోవడం అంతకుముందే చూశాం.

మా హైదరాబాదు మిత్రుడు జబీహా కాని మాంసం ముట్టడు. కొందరు హలాల్ గురించి మరో మాట చెబుతారు, గ్రంథం కలిగినవాళ్ళు వండింది బిస్మిల్లా అని తినొచ్చని. దానిమీద మా గదిలో రాత్రిళ్ళు తెల్లారిపోయేవి. అతను ఒక అరబ్బు కొట్లో సెనగల వడలు రొట్టెలో పెట్టించుకున్నాడు. ముగ్గురం కలిసి కాల్చిన మొక్కజొన్న కంకులు కూడా కొన్నాం. వెన్నలో ముంచి ఇచ్చారు. ఉప్పూకారం నిమ్మకాయ రుద్దుకునే నోటికి చప్పగా ఉన్నాయి.

ఇండియా వంటల గుడారం ముందు లైను పెద్దది. అక్కడ వినిపించింది: "ఏమప్పా, తెలుగోళ్ళా?" వెనక్కి తిరిగాం. నలభై దాటిన ఆమె, పక్కన భర్త, స్కూలుకెళ్ళే ఇద్దరు పిల్లలు. మా సీమ మాట విని ప్రాణం లేచొచ్చింది. అవునక్కా అన్నాం. ఆమెది ధర్మవరం. మాదీ అనంతపురం జిల్లానే అంటే ఆమె మొహం చూడాలి. ఉగ్గాని, చెనక్కాయల ఊరుబిండి, ఓళిగలు, అన్నీ నిమిషంలో వచ్చి వెళ్ళాయి. భర్తది కోస్తా. "ఇంటిపేరేమిటి?" అన్నాడు. పేరు చెప్పాం. రెండో ముక్క వినగానే ఆయన కనుబొమలు లేచాయి.

"ఓ, ముస్లిమ్సా! తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!"

మీరూ చక్కగా మాట్లాడుతున్నారండీ అనాలి. అనలేదు. థాంక్స్ అన్నాం. మా అమ్మ మమ్మల్ని కన్నప్పుడు అరిచిన భాషని మేం బాగా మాట్లాడుతున్నందుకు థాంక్స్ చెప్పాం. మీలో ముస్లిములైన పాఠకులకి ఈ సర్టిఫికెట్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోండి. కాని పాఠకులు ఎన్నిసార్లు ఇచ్చారో లెక్కపెట్టుకోండి.

ఆయన చెడ్డవాడు కాదు. లైను కదిలేదాకా మా చదువుల గురించి అడిగాడు, కంప్యూటర్ల ఉద్యోగాలకి ఎక్కడ దరఖాస్తు చేయాలో చెప్పాడు. తర్వాత మామూలుగా, వాతావరణం గురించి అడిగినట్టే, "మనవాళ్ళు బాంబు పేల్చినప్పుడు మీకెలా అనిపించింది?" అన్నాడు. 'మీకు' అన్న మాట మా ఇద్దరివైపే చూస్తూ అన్నాడు. గుంటూరు మిత్రుణ్ణి వదిలేశాడు. అతనికి ఇంగ్లీషు బైబిలు పేరు, మమ్మల్ని అడిగినట్టు అతన్ని అడగరు, అతన్ని అడిగేవి వేరే ఉంటాయి. హైదరాబాదు మిత్రుడు ఎర్రబడ్డాడు. "అప్పుడు సెమిస్టరు పరీక్షలండీ" అన్నాం మేం. ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం. అలా నవ్వడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు. క్రికెట్ మ్యాచ్ నాడు, బాంబు పేలిన నాడు, ఎన్నికల నాడు.

ఆమె ఆ మాట విన్నదో లేదో. మా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి అడిగింది: "మలీదా ఎట్ల జేస్తారు? నాకు చెప్పప్పా." వాళ్ళ మేనమామకి కుళ్ళాయప్ప అని పేరు పెట్టారట. గూగూడు కుళ్ళాయిస్వామి మొక్కు. మొహర్రంకి గూగూడు పోయి అగ్నిగుండం చూసి, చక్కెర చదివింపులు చేసి వచ్చేవాళ్ళట. మా జిల్లాలో కుళ్ళాయప్పలూ మస్తానమ్మలూ రెండు మతాల్లోనూ ఉంటారు, ఇది కొత్త సంగతి కాదు. ఇంటి పక్కన సాయిబులామె గోడమీదుగా మలీదా ఇచ్చేదట. "దాని రుచి ఇప్పుటికీ నాలికమీదనే ఉంది. ఇంట్లోకి తెస్తే మాయమ్మ తిడుతుందని అరుగుమీదనే కూచోని తినేవాళ్ళం" అంది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. అరుగు గురించి ఆమెకి పట్టింపు లేదు. ఆమె ఏడుపు ధర్మవరం కోసం, వాళ్ళమ్మ కోసం. మాకు ఆ అరుగు దగ్గరే అడుగు ఆగిపోయింది. ఆ ఏడాది మేలో జరిగిన పీర్ల పండగకి మేం ఊళ్ళో లేం. మాకూ ఏడుపొచ్చేలా ఉంది. ఇద్దరి ఏడుపూ ఒకటేనా?

చెప్పాం. గోధుమ రొట్టెలు కాస్త మందంగా కాల్చుకోవాలక్కా, వేడిగా ఉన్నప్పుడే నలపాలి. బెల్లం తురుము, నెయ్యి, కొబ్బరి, ఏలకులు. చేత్తోనే కలపాలి. ఆమె పండగ పటం వెనక్కి తిప్పి రాసుకుంది. వాళ్ళ తెలుగువాళ్ళ కూటానికి రమ్మని పిలిచింది. "అంతా మనోళ్ళే. వెజిటేరియనే ఉంటుందిలే, మీకేం ఇబ్బంది ఉండదు" అంది. ఇబ్బంది మాకెందుకుంటుందనుకుందో. ఫోను నంబరు ఇచ్చింది. వెళ్ళలేదు, ఫోనూ చేయలేదు. అది మా తప్పే.

ఇంతకీ ఆ గుడారంలో బిర్యానీ పేరుతో పచ్చరంగు వేసిన పలావు పెట్టారు. హైదరాబాదు మిత్రుడు ఒక ముద్ద రుచి చూసి ఇన్నాలిల్లాహి అన్నాడు. చావుకబురు విన్నట్టు.

చీకటి పడేవేళ గడ్డిమీద కూర్చున్నాం. ఆర్కెస్ట్రా వాయిస్తోంది. మా గుంటూరు మిత్రుడు మిగిలిన టికెట్లతో ఇంకో ఇటాలియన్ బీఫ్ పట్టుకొచ్చాడు. కాగితం విప్పి మా ముందు పెట్టాడు. హైదరాబాదు మిత్రుడు తల అడ్డంగా ఊపాడు, అతని కారణం అతనిది, శుభ్రమైన కారణం. మా దగ్గర కారణం లేదు. బిస్మిల్లా అని తినొచ్చన్న వాదన గదిలో చేసినవాళ్ళం మేమే. అయినా చెయ్యి రావడంలేదు. చుట్టూ లక్షలమంది, ఒక్కరూ మమ్మల్ని చూడటంలేదు. మేం మాత్రం మెడ తిప్పి చూశాం, ఆ ధర్మవరం ఆమె ఎక్కడన్నా ఉందేమోనని. మాకు కొత్తిమీర కావాలనిపించింది, పైన కప్పుకోవడానికి.

"మీ జేజి ఇక్కడ లేదులేరా" అన్నాడు గుంటూరు మిత్రుడు. తిట్టినట్టు అనలేదు.

తిన్నాం. సగం. రసం మోచేతిదాకా కారింది. రుచి గొప్పగా ఏమీ లేదు. మా జేజి చేతి కూర ముందు అదెంత? అందులో కారంలేదు. కానీ నిలువునా, ఆకాశంకింద, తలుపు గడియ లేకుండా తిన్నాం. తిన్నాక కుంకుడు రసం లేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాం. సరస్సుమీద బాణాసంచా మొదలయింది, ఫిరంగుల మోత. ఆ మోతకి హైదరాబాదు మిత్రుడు మా భుజంమీద చెయ్యి వేసి, "నక్కో సోచో భాయ్" అన్నాడు. ఆలోచించకు అని. అతను తినలేదు, తిన్నందుకు మాట అనలేదు. మా ఉర్దూ గురించి ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఎందుకో మాకు తెలీదు.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు, హాస్టల్ మెనూలో మా తిండి కూడా ఉండాలని అడిగినప్పుడు, అక్కడ జరిగిన దాడుల సంగతి టీవీలో చూశాం. గుంటూరు మిత్రుడు ఆ రాత్రే ఫోను చేశాడు. "చూశావట్రా, మన ఊళ్ళో కూడా బోర్డు పెట్టారు" అన్నాడు. ఆ బోర్డు పెట్టింది మేం కాదు, దళితులు. మేం టీవీ ముందున్నాం. 2015 సెప్టెంబరులో దాద్రిలో ఫ్రిజ్‌లో మాంసం ఉందన్న పుకారుమీద అఖ్లాక్‌ని ఇంట్లోంచి లాగి చంపినప్పుడు, మా అపార్ట్‌మెంటు ఫ్రిజ్‌లో కింది అర గుర్తొచ్చింది. అది మేకమాంసమని చెప్పుకోవాల్సి రావడం గుర్తొచ్చింది. ఆయన ఇంట్లోదీ మేకమాంసమేనని ఇంటివాళ్ళు చెప్పారు. మేకమాంసం కాకపోతే చంపొచ్చా అని ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి పదకొండు. మాకది అమ్మకి ఫోను చేసే రోజు. మా ఊళ్ళో శనివారం పొద్దున. బస్టాండు పక్క ఎస్టీడీ బూత్‌కి అమ్మ తొమ్మిదికల్లా వచ్చి కూర్చునేది. బూత్ ఓనరు మంచివాడే, స్టూలు వేసేవాడు. బూత్‌లో ఎప్పుడూ నలుగురుండేవాళ్ళు, అందరికీ అందరి మాటా వినిపించేది. కాలింగ్ కార్డు నంబర్లు నొక్కి, లైను కలిసేసరికి అమ్మ ఆయాసపడుతోంది.

"పండగంట గదా ఆడ. ఏం తింటిరి?"

చెప్పాం. పార్కు, సరస్సు, జనం, గుడారాలు. అడుగెత్తు అక్షరాలు. ఆ మాట మేం ఫోన్లో పూర్తిగా, గట్టిగా పలికాం. అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఒక్క మాట తెలుసు. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత గొంతు బాగా తగ్గించి, రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది, అడిగింది: "బయటనేనా? అందరి ముందరా?"

"అందరి ముందరే మా."

"మీరూ తింటిరా?"

"తిన్నాం మా."

ఒక్క క్షణం. అప్పుడు అమ్మ గొంతు పెరిగింది. బూత్‌లో నలుగురికీ వినబడేలా, నవ్వుతూ, స్టూలుమీద వెనక్కి తిరిగి చెబుతున్నట్టు వినిపించింది:

"కంకులంట! మొక్కజొన్న కంకులు కాల్చుకోని తిన్నారంట మావాళ్ళు. ఆడగూడా దొరుకుతాయంట!"